రాకీ కొండల్లో నాలుగు రోజులు

కాశీయాత్ర బస్సు సంగతి మన గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు. వంటమనిషి, గ్యాసు బండ, గుండిగలు, బస్సు వెనక బియ్యం బస్తాలు... బస్సు ఎక్కడ ఆగితే అక్కడే పొయ్యి వెలుగుతుంది. పక్క సీటు పిన్నిగారు సాయంత్రానికల్లా మనకు చుట్టమైపోతారు. టూరు బస్సంటే నాకు తెలిసింది అదే. అలాంటిది వంటమనిషి లేని బస్సులో, ఒకరి భాష ఒకరికి రాని నలభైమందితో కలిసి, కెనడాలోని రాకీ పర్వతాల్లో నాలుగు రోజులు తిరిగొచ్చాం నేనూ, మావారూ. 2025 జులైలో.

మా అమ్మాయి కాల్గరీలో ఉంటుంది. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులకు నేను కొత్తగా చెప్పేదేముంది? అక్కడ కారు లేనిదే గుమ్మం దాటలేం. మనకేమో కారు నడపడం రాదు. పిల్లలకు శని, ఆదివారాలు తప్ప తీరికుండదు. ఆ రెండు రోజుల్లోనే సరుకులు, బట్టలు ఉతకడం, మనవడి ఈత క్లాసు. మమ్మల్ని ఎక్కడికీ తిప్పడం లేదని వాళ్లకు బాధ. వాళ్లకు అడ్డంగా ఉన్నామేమోనని మాకు బాధ.

దానికితోడు అంతకుముందు ఏడాది మావారి గుండెకు రెండు స్టెంట్లు వేశారు. రోజూ నడవండి, ఏం ఫర్వాలేదు అని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. ఈయనేమో వీధి చివరిదాకా వెళ్లాలన్నా ఛాతీ మీద చెయ్యి వేసుకునేవారు. నొప్పి కాదు, భయం. బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫయ్యేళ్లపాటు ఊళ్లు తిరిగిన మనిషి, టీవీ ముందున్న కుర్చీకి అంటుకుపోయారు. ఆకాశం తేటగా ఉన్న రోజున మా అమ్మాయి వాళ్ల మేడ మీది కిటికీలోంచి రాకీ కొండలు నీలిగీతలా కనిపిస్తాయి. 'వెళ్లి చూద్దామండీ' అంటే, 'కనపడుతున్నాయిగా!' అనేవారు.

ఓ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు బస్సు టూర్ల మాట ఎత్తాడు. 'అత్తయ్యా, మా కోసం ఆగొద్దు. బస్సు ఇక్కడే ఎక్కిస్తారు, ఇక్కడే దింపుతారు. హోటళ్లూ వాళ్లే చూసుకుంటారు' అన్నాడు. మా అమ్మాయి ససేమిరా అంది. 'ఆ కొండల్లో చాలాచోట్ల ఫోను కూడా పనిచెయ్యదు. నాన్నకేమైనా అయితే?' అని దాని భయం. నేను మాట్లాడలేదు. ఉన్నట్టుండి మావారే అన్నారు: 'మీ అమ్మ ముప్ఫయ్యేళ్లు సోషల్ టీచరుగా హిమానీనదం బొమ్మ బోర్డు మీద గీసింది. ఒక్కసారైనా కళ్లతో చూడొద్దూ?'

ఆ మాటతో టికెట్లు కొనేశారు.

పెళ్లివారి బస్సు!

బస్సులో సగానికి పైగా చైనావాళ్లు. సూరత్ నుంచి వచ్చిన దంపతులు, ఇద్దరు కొరియా కుర్రాళ్లు, విన్నిపెగ్‌లో నర్సుగా చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి, వాళ్లమ్మ. గైడు ఏది చెప్పినా ఓసారి చైనా భాషలో, ఓసారి ఇంగ్లిషులో చెబుతాడు. చైనా భాషలో అందరూ నవ్వాక, రెండు నిమిషాలకు మా వంతు నవ్వు వచ్చేది. రోజూ సీట్లు మారుస్తారు, ముందువరస ఒక్కరి సొత్తు కాకుండా. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెడతాడు. పొద్దున ఏడుంపావు అంటే ఏడుంపావే. 'మన పెళ్లివారి బస్సు ఇలా నడిస్తే ముహూర్తం ఒక్కటీ తప్పదు' అన్నారు మావారు. చాన్నాళ్లకు ఆయన నోట వచ్చిన హాస్యం అది.

కాల్గరీ నుంచి బాన్ఫ్ దాదాపు 130 కిలోమీటర్లు. మైదానం మైదానంలా ఉండగానే ఎదురుగా గోడ కట్టినట్టు కొండలు లేస్తాయి. 1883లో రైలుమార్గం వేస్తున్న కూలీలు ఇక్కడో కొండగుహలో వేడినీటి బుగ్గ చూశారట. దాని మీద హక్కు నాదంటే నాదని తగువులు మొదలయ్యాయి. ఎవరికీ కాదంటూ 1885లో ప్రభుత్వం ఆ చుట్టుపక్కల 26 చదరపు కిలోమీటర్లను తన చేతిలోకి తీసుకుంది. 1887లో అదే కెనడా మొట్టమొదటి జాతీయ పార్కయింది. ఇప్పుడు బాన్ఫ్ విస్తీర్ణం 6,641 చదరపు కిలోమీటర్లు. దాన్ని ఆనుకునే జాస్పర్, యోహో, కూట్నీ పార్కులు. ఈ నాలుగింటినీ 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారిలో నాకు బాగా నచ్చింది ఓ వంతెన. రోడ్డుకు అడ్డంగా, పైన గడ్డీ, చెట్లూ మొలిచి ఉంది. మనుషులకు కాదు, జంతువులకు! ఎలుగులు, తోడేళ్లు, ఎల్క్ దుప్పులు రోడ్డు మీద బండ్ల కింద పడకుండా రెండువైపులా కంచె వేసి, దాటడానికి దారులు కట్టారు. బాన్ఫ్‌లో ఇలాంటివి పైవంతెనలు 6, కింది దారులు 38 ఉన్నాయి. వీటి తర్వాత జంతువులను బండ్లు గుద్దే ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయట. 'ఎలుగుకి వంద మీటర్లు, దుప్పికి ముప్ఫై మీటర్లు దూరం ఉండండి' అని గైడు పదేపదే చెప్పాడు. బాన్ఫ్ ఊళ్లోనే ఓ దుప్పి ఎవరి పెరట్లోనో తాపీగా గడ్డి మేస్తుంటే, చైనా తాతగారు తన అడుగులతో ముప్ఫై మీటర్లు కొలిచి మరీ నిలబడ్డారు.

తిరగలి పట్టిన రంగు

రెండోరోజు మొరెయిన్ సరస్సు. 2023 నుంచి అక్కడికి సొంత కార్లను రానివ్వడం లేదు. పార్కువాళ్ల బస్సులో వెళ్లాలి, లేదంటే మా బస్సు లాంటి అనుమతి ఉన్న వాహనాల్లో వెళ్లాలి. మా అల్లుడి కారు ఆగిపోయే చోటు దాటి మా బస్సు దర్జాగా లోపలికి వెళ్తుంటే నాకు భలే సరదా వేసింది.

అబ్బ, ఆ నీళ్ల రంగు! మా అమ్మ పట్టుచీరల్లో నెమలికంఠం రంగు చీర ఒకటుండేది. మడతల్లో ఓచోట నీలంగా, ఓచోట ఆకుపచ్చగా మెరిసేది. అచ్చం అదే. వెనకాల పది శిఖరాలు వరసగా నిలబడి ఉన్నాయి. 1969లోనూ, 1979లోనూ వచ్చిన కెనడా ఇరవై డాలర్ల నోట్ల వెనక ఉన్న బొమ్మ ఇదే.

ఆ రంగు ఎలా వచ్చిందో మావారికి నేనే చెప్పాను, గైడు కన్నా ముందు. కొండ మీద మంచు ఏళ్ల తరబడి పేరుకుని, గట్టిపడి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతుంది. జారుతూ జారుతూ కింది రాతిని తిరగలిలా విసురుతుంది. ఆ రాతిపిండి ఎంత మెత్తగా ఉంటుందంటే, నీళ్లలో కలిసి వచ్చినా వెంటనే అడుగుకి చేరదు. ఎండ పడగానే నీలం, పచ్చ వెలుగుని వెనక్కి చిమ్ముతుంది. రంగంతా ఆ పిండిదే. 'ఇదంతా జిల్లా పరిషత్ హైస్కూల్లో సుద్దముక్కతో చెప్పావా?' అన్నారాయన. 'నీలం సుద్దముక్క లేక తెల్లదాంతోనే చెప్పాను' అన్నాను.

పక్కనే లేక్ లూయీజ్. విక్టోరియా రాణి నాలుగో కూతురి పేరు పెట్టారు దానికి. సరస్సు వెనక మంచు కప్పుకుని నిలబడ్డ కొండ పేరు మౌంట్ విక్టోరియా. తల్లి మంచు కరిగితే కూతురి కడుపు నిండుతుంది. గట్టు మీద కూర్చుని పులిహోర డబ్బా విప్పాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కలిపిచ్చింది మా అమ్మాయి. సూరత్ దంపతులు థేప్లాలు తీశారు. చైనా మామ్మగారు నా జంతికలు తిని, సంచిలోంచి పొద్దుతిరుగుడు గింజలు గుప్పెడు తీసి నా కొంగులో పోశారు. మా ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటీ లేదు. అయినా చాలాసేపు మాట్లాడుకున్నాం.

మధ్యాహ్నం యోహో పార్కు. అక్కడి క్రీ తెగవాళ్ల భాషలో ఆశ్చర్యపోయినప్పుడు అనే మాట 'యోహో'. మనం 'ఓహో' అన్నట్టే! అక్కడ రైలు కోసం 1909లో కొండ కడుపులో మెలికలు తిప్పి రెండు సొరంగాలు కట్టారు. అంతకుముందు వాలు మరీ ఎక్కువై రైళ్లు పట్టుతప్పేవట. పొడవాటి గూడ్సు బండి వస్తే, ఇంజను ఒక సొరంగం నోట్లోంచి బయటికొచ్చేసరికి తోక ఇంకో నోట్లోకి వెళ్తూ కనిపిస్తుంది. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెట్టిన వాళ్లం కదా, మాకు అది చూసి కదలాలనిపించలేదు. గైడు తలలు లెక్కపెట్టాడు, కదిలాం.

మూడు సముద్రాల కొండ

మూడోరోజు కోసమే నేను ఈ టూరుకి వచ్చింది. లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ దాకా దాదాపు 230 కిలోమీటర్ల రోడ్డు అది. పేరు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. 1930ల్లో పనులు దొరకని వాళ్లకు కూలి ఇచ్చి ఈ రోడ్డు పని చేయించారు. 1940లో తెరిచారు. మలుపు మలుపుకీ ఓ హిమానీనదం కొండ భుజం మీద కండువాలా వేలాడుతుంది. ఫోనులో సిగ్నలు పోయింది. మావారు ఒకసారి జేబులోని మాత్రల డబ్బా తడుముకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

కొలంబియా ఐస్‌ఫీల్డ్ అంటే కొండల నెత్తిన రెండువందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మంచు మైదానం. దాని అంచున స్నోడోమ్ అనే శిఖరం ఉంది. దాని మీద కరిగే నీళ్లు ఒకవైపు పసిఫిక్‌కి, ఒకవైపు ఆర్కిటిక్‌కి, మరోవైపు హడ్సన్ అఖాతం మీదుగా అట్లాంటిక్‌కి పోతాయి. కన్యాకుమారిలో మూడు సముద్రాలు కలుస్తాయని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ ఒక్క కొండే మూడు సముద్రాలకు నీళ్లు పంచిపెడుతోంది!

ఆ మంచు మైదానం నుంచి కిందికి దిగిన నాలుకల్లో ఒకటి అథబాస్కా హిమానీనదం. పొడవు దాదాపు ఆరు కిలోమీటర్లు. మనిషెత్తు చక్రాలున్న పెద్ద బండిలో దాని మీదికి తీసుకెళ్లారు. దారి ఎంత ఏటవాలుగా ఉందంటే, ముందు సీట్లోవాళ్లు కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నారు. బండి నడిపే అమ్మాయి సీటు బెల్టులు రెండుసార్లు చూసి మరీ కదిలింది.

మంచు మీద కాలు పెట్టాను. తెల్లగా ఉంటుందనుకుంటాం గానీ, పగుళ్లలో నీలంగా ఉంది. కింద ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. జులై ఎండ నెత్తిన కొడుతున్నా, మంచు మీదుగా వచ్చే గాలికి పళ్లు కటకటలాడాయి. ముప్ఫయ్యేళ్లపాటు బోర్డు మీద గీసి, తుడిచి, మళ్లీ గీసిన బొమ్మ మీద నిలబడి ఉన్నాను. మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. నన్ను పడకుండా పట్టుకున్నారో, తను పడకుండా పట్టుకున్నారో నేను అడగలేదు.

1982 అని రాసిన బోర్డు

బండి దిగాక, మంచు అంచు దాకా నడిచి వెళ్లే దారి దగ్గరికి బస్సు తీసుకెళ్లింది. ముప్పావుగంట టైమిచ్చారు. అంతా రాళ్లు, కంకర. ఆ దారిలో అక్కడక్కడా సంవత్సరాలు రాసిన గుర్తులు పెట్టారు. ఆ ఏడాది మంచు అంచు అక్కడిదాకా ఉండేదని అర్థం. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఇప్పటికి అది ఒకటిన్నర కిలోమీటరుకి పైగా వెనక్కి పోయింది. గత 125 ఏళ్లలో దాని మంచులో సగం కరిగిపోయిందని పార్కువాళ్లే చెబుతున్నారు. మేం వెళ్లిన 2025ను ఐక్యరాజ్యసమితి హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది.

అందరూ తమ తమ ఏళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. చైనా తాతగారు 1942 దగ్గర నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆయన పుట్టింది ఆ దగ్గర్లోనే అని వేళ్లతో లెక్కపెట్టి చూపించారు. మాకు దొరికింది 1982. మా పెళ్లయిన ఏడాది. అన్నవరంలో మేం తలంబ్రాలు పోసుకుంటున్న రోజుల్లో మంచు ఇక్కడిదాకా ఉండేదన్నమాట! తలెత్తి చూస్తే ఇప్పటి అంచు ఎక్కడో పైన ఉంది. మధ్యలో రాళ్లు తప్ప ఏమీ లేవు.

'పద, 1992 దాకా వెళ్దాం. అమ్మాయి అప్పటికి చిన్నపిల్ల' అన్నారు మావారు.

నాకు గుండె గుభేల్మంది. ఎక్కుడు దారి. 'వద్దండీ, ఇక్కడి నుంచి కనిపిస్తోందిగా' అన్నాను. 'కిటికీలోంచి కూడా కనిపించింది' అని అడుగు వేశారు. నర్సమ్మాయి మమ్మల్ని కనిపెట్టి చూస్తున్నట్టుంది. ఏమీ అడక్కుండా వచ్చి ఆయన పక్కన నడవసాగింది. పది అడుగులకోసారి తనే ఆగి, చెప్పులో రాయి పడినట్టో, ఫొటో తీస్తున్నట్టో నటించేది. ఆయన ఊపిరి పీల్చుకునేదాకా ఆగి, మళ్లీ కదిలేది. వెనక చైనా తాతగారు తన చేతికర్ర తెచ్చి ఈయన చేతిలో పెట్టారు. మా నలుగురిదీ ఓ చిన్న ఊరేగింపు.

1992 దగ్గర బండ మీద కూర్చున్నారు. నర్సమ్మాయి మణికట్టు పట్టుకుని చూసి, బొటనవేలు పైకెత్తింది. అక్కడి నుంచి మంచు అంచుకు ఇంకా చాలా దూరం ఉంది. చివర్లో తాడు కట్టి, దాటొద్దని బోర్డు పెట్టారు. పగుళ్లలో పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 'ఇక చాలు' అన్నారాయన. కానీ ఆ చాలు వేరు. కుర్చీలోంచి లేవకుండా అనే చాలు కాదది.

బస్సు దగ్గరికి ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాం. పొద్దున నాలుగు నిమిషాలకే కొరియా కుర్రాళ్లను మందలించిన గైడు, మమ్మల్ని చూసి వాచీ జేబులో పెట్టేసుకున్నాడు. ముప్ఫైమంది దాకా చప్పట్లు కొట్టారు. సిగ్గేసి మావారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

కాలిన అడవిలో పూలు

నాలుగోరోజు జాస్పర్. 2024 జులైలో కార్చిచ్చు ఈ ఊరి మీద పడింది. ఊళ్లోవాళ్లు, పర్యాటకులు కలిసి పాతికవేలమందిని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 358 కట్టడాలు, అంటే ఊళ్లో మూడోవంతు దాకా కాలిపోయాయి. మేం వెళ్లేసరికి ఏడాదయింది. రోడ్డు పక్కన నల్లటి మొండి మానులు దూరం దాకా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్లలో ఫైర్‌వీడ్ అనే మొక్క గులాబీరంగు పూలు పూసింది. కాలిన నేల మీద ముందుగా మొలిచే మొక్కల్లో అదొకటట. కాలిన ఇళ్ల స్థలాల పక్కన దుకాణం తెరుచుకుని కాఫీ అమ్ముతున్నావిడ, 'మీరు వచ్చారు, అది చాలు' అంది. బస్సులో అందరం అక్కడే ఏదో ఒకటి కొన్నాం. మాకు అక్కర్లేకపోయినా రెండు ఉన్ని టోపీలు తీసుకున్నాం.

ఆ రాత్రి కాల్గరీలో దిగేసరికి మా అమ్మాయి బస్టాపులో నిలబడి ఉంది. దిగగానే తండ్రి ముఖం చూసింది. తర్వాత సామాను చూసింది. 'నాన్నా, పెట్టె నేను పట్టుకుంటా' అంటే ఆయన ఇవ్వలేదు.

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అక్కడుండే నెలల్లో నాలుగు రోజులు మీ కోసం అడిగి తీసుకోండి. ఈ కొండలకు వెళ్లాలంటే జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా బావుంటుంది. వేసవిలో కూడా స్వెట్టరు, గాలికోటు ఉండాలి. కాళ్లకు గట్టి బూట్లు వేసుకోండి, చీరకట్టు అయినా సరే. మాత్రలు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. ఆరోగ్య బీమా లేకుండా గడప దాటొద్దు. శాకాహారులైతే పొడులు, పులిహోర వెంట ఉంచుకోండి. నడవలేమేమో అనుకుంటే ఆ మాట గైడుకి మొదటిరోజే చెప్పండి.

మేం రాజమండ్రి వచ్చేశాం. మావారు పొద్దున్నే గోదావరి గట్టున నడుస్తున్నారు. ఛాతీ మీద చెయ్యి వేసుకోవడం లేదు. మొన్న పక్కింటి ఎనిమిదో తరగతి కుర్రాడు హిమానీనదం పాఠం అర్థం కాలేదని పుస్తకం పట్టుకొచ్చాడు. బోర్డు మీద గీసినట్టు కాగితం మీద గీసి చెప్పాను. తర్వాత ఫోనులో ఫొటో చూపించాను. 1982 బోర్డు పక్కన మేమిద్దరం నిలబడింది. వాడు ఫొటోని పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు.

'ఇందులో అన్నీ రాళ్లేగా మామ్మా. మంచేదీ?' అన్నాడు.